ఐజీఐలో ఇరవై గండాలు: చిన్నప్పుడు దాటని మిషన్ ఇప్పుడు ఎందుకు దాటుతోంది?

2000 తర్వాత పదేళ్లలో నెట్ సెంటర్లో గంటల లెక్కన కూర్చున్నవాళ్లకు ఐజీఐ అంటే దిల్లీ విమానాశ్రయం కాదు, ఒక కంప్యూటర్ గేమ్. కంచె, కావలి బురుజు, మోగే సైరన్, ‘మిషన్ ఫెయిల్డ్’ అనే మాట. అప్పట్లో మూడో నాలుగో మిషన్ (గేమ్ అప్పగించే ఒక్కో పని) దగ్గర ఆగిపోయినవాళ్లు ముప్పై, నలభై ఏళ్ల వయసులో మళ్లీ పెట్టుకుని ఆడుతున్నారు. కొందరు ‘ఇంత తేలికా?’ అంటున్నారు. కొందరు ‘ఇంత అన్యాయమా?’ అంటున్నారు. ఇద్దరూ ఆడుతున్నది ఒకే గేమ్. ఈ చిక్కు విప్పాలంటే ‘కష్టం’ అని మనం ఒకే మాటలో చెప్పేదాన్ని ముక్కలు చేసి చూడాలి.

అసలు ఏమిటీ గేమ్?

‘ప్రాజెక్ట్ ఐజీఐ’ని తయారుచేసింది నార్వే రాజధాని ఓస్లోలోని ఇన్నర్‌లూప్ స్టూడియోస్. ఐడోస్ ఇంటరాక్టివ్ అనే సంస్థ 2000 డిసెంబరులో విడుదల చేసింది. ఐజీఐ అంటే ‘ఐయామ్ గోయింగ్ ఇన్’, లోపలికి వెళుతున్నాను అని. బ్రిటన్ ప్రత్యేక దళం ఎస్ఏఎస్‌లో పనిచేసిన డేవిడ్ జోన్స్ అనే గూఢచారి ఒంటరిగా సైనిక స్థావరాల్లోకి చొరబడతాడు. రేడియోలో ఆన్యా అనే ఆమె దారి చెబుతుంటుంది. ఆయుధాల వ్యాపారి ప్రిబోయ్‌ని పట్టుకోవడంతో మొదలైన కథ, దొంగిలించిన అణ్వస్త్రాన్ని వెతకడం దాకా పోతుంది. మొత్తం 14 మిషన్లు. పదిమందీ కలిసి ఆడే మల్టీప్లేయర్ లేదు.

ఇన్నర్‌లూప్ అంతకుముందు 1997లో ‘జాయింట్ స్ట్రైక్ ఫైటర్’ అనే యుద్ధవిమానాల గేమ్ చేసింది. దానికోసం రాసుకున్న ఇంజిన్‌నే ఐజీఐకి వాడింది. ఇంజిన్ అంటే గేమ్‌లో నేల, వెలుతురు, కదలిక అన్నీ తెరమీద గీసే మూల సాఫ్ట్‌వేర్. విమానంలోంచి చూస్తే కిలోమీటర్ల దూరం కనిపించాలి కాబట్టి ఆ ఇంజిన్‌కు దూరపు నేలను గీయడం అలవాటు. ఆనాటి కాల్పుల గేములు చాలావరకు ఇరుకు వసారాల్లో నడుస్తుంటే, ఐజీఐలో కొండమీద నిలబడి స్థావరం మొత్తాన్ని బైనాక్యులర్స్‌తో చూడగలిగేది ఇందుకే. గేమ్ అందమూ ఇక్కడే ఉంది, చావు కూడా ఇక్కడే ఉంది. ఆ సంగతి కాసేపట్లో.

సేవ్ లేకపోవడం అంటే ఏమిటి

సేవ్ అంటే ఆట ఉన్న స్థితిని ఉన్నట్టు దాచుకోవడం. చెక్‌పాయింట్ అంటే ఫలానా చోటు దాటగానే ఆ పని గేమే చేసిపెట్టడం. ఐజీఐలో మిషన్ మధ్యలో ఈ రెండూ లేవు. మిషన్ పూర్తయితేనే లెక్క. ఆఖరి గదిలో చచ్చినా మళ్లీ మొదటి కంచె దగ్గర లేవాలి. ప్రతి గడిలోనూ ఒకటో గడికి దింపే పాము ఉన్న వైకుంఠపాళిని ఊహించుకోండి.

ఇది ఎంత తేడా చేస్తుందో లెక్క వేసి చూద్దాం. ఒక మిషన్లో 20 గండాలు ఉన్నాయనుకుందాం. గండం అంటే కాపలావాడికి ఎదురుపడి ప్రాణం పోయే అవకాశం ఉన్న ఘట్టం. ఒక్కోదానికి ఒక నిమిషం పడుతుందని, ఒక్కో గండం గట్టెక్కే అవకాశం 90 శాతమని అనుకుందాం. పదింట తొమ్మిదిసార్లు గెలిచేవాడంటే మంచి ఆటగాడే. అయినా ఇరవై గండాలూ వరసగా దాటే అవకాశం 0.9ని ఇరవైసార్లు గుణిస్తే వచ్చేది: 12 శాతం.

నిమిషాల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. మొదటి గండం దాటడానికి సగటున 1.11 నిమిషాలు. రెండోదాకా రావాలంటే, ఆ 1.11కి ఒకటి కలిపి 0.9తో భాగించాలి, ఎందుకంటే రెండో దాంట్లో పోతే మొదటిదీ మళ్లీ దాటాలి. అలా వచ్చేది 2.35. మూడోదాకా 3.72. ఇదే పద్ధతిలో లెక్కగడుతూ పోతే పదో గండానికి దాదాపు 19 నిమిషాలు, ఇరవయ్యో గండానికి 72 నిమిషాలు. మొదటి సగానికి 19, రెండో సగానికి 53! ఒక్క ఆఖరి గండమే 8 నిమిషాలు తింటుంది. ప్రతి గండం తర్వాతా సేవ్ ఉంటే ఇదే ఆటగాడు ఇదే మిషన్‌ని 22 నిమిషాల్లో ముగిస్తాడు.

ఇప్పుడు చేయి కాస్త తక్కువ తిరిగిన పిల్లవాడిని తీసుకుందాం. ఒక్కో గండానికి 80 శాతం. సేవ్ ఉంటే 25 నిమిషాలు, అంటే మంచి ఆటగాడికీ వీడికీ మూడు నిమిషాలే తేడా. సేవ్ లేకపోతే 429 నిమిషాలు. ఏడు గంటల పైమాటే. 95 శాతం నేర్పున్నవాడికి మాత్రం 36 నిమిషాలు చాలు.

ఒకరు తేలిక అనడం, ఒకరు అన్యాయం అనడం ఎక్కడినుంచి వస్తోందో ఈ మూడు అంకెల్లో ఉంది: 36, 72, 429. నేర్పులో కొద్దిపాటి తేడాని సేవ్ లేని గేమ్ పన్నెండు రెట్లు చేసి చూపిస్తుంది.

అసలు ఆట ఈ లెక్కంత నేరుగా ఉండదు. ఆడేకొద్దీ కాపలావాళ్లు ఎక్కడ నిలబడతారో గుర్తుండిపోతుంది, నేర్పు పెరుగుతుంది. కానీ అది మిషన్ పొడుగునా సమానంగా పెరగదు. 90 శాతం ఆటగాడు పదో గండం దాటి ముందుకు వెళ్లేది నూరు ప్రయత్నాల్లో 35 సార్లే. కాబట్టి మొదటి కంచె కంఠతా వచ్చేస్తుంది, ఆఖరి భవనం ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది. చిన్నప్పటి ఐజీఐ గుర్తుల్లో మొదటి మిషన్ బురుజు నుంచి తీగ పట్టుకుని జారడం అంత స్పష్టంగా ఉండి, తర్వాతివి మసకగా ఉండటానికి ఇదో కారణం.

అవతలివాడికి మీరు కనిపిస్తారు, మీకు వాడు కనిపించడు

చాలామందికి మిగిలిపోయిన ఫిర్యాదు ఒకటుంది: ఎక్కడినుంచి కాల్చారో తెలియకుండానే చచ్చేవాళ్లం. ఇది కూడా అంకెల్లో పెట్టి చూడొచ్చు.

తెర మీద కనిపించే దృశ్యం 75 డిగ్రీల వెడల్పు అనుకుందాం. 200 మీటర్ల దూరంలో ఆ వెడల్పు దాదాపు 307 మీటర్లు. తెర 640×480 రిజల్యూషన్లో ఉంటే ఆ 307 మీటర్లూ 640 చుక్కల్లో ఇమడాలి. అంటే మీటరుకు రెండు చుక్కలు. 1.8 మీటర్ల ఎత్తున్న సైనికుడు నాలుగు చుక్కల పొడుగు, ఒక చుక్క వెడల్పు. బూడిద రంగు గోడ ముందు బూడిద రంగు చొక్కాతో నిలబడ్డ నాలుగు చుక్కల మనిషిని ఏ పిల్లవాడు పట్టుకుంటాడు? అదే దృశ్యం ఈనాటి 1440×1080లో ఎనిమిది చుక్కల పొడుగు, రెండుకు పైగా వెడల్పు. అప్పుడు తలా, భుజమూ వేరుగా తెలుస్తాయి.

గేమ్‌లో సైనికుణ్ణి నడిపే ఏఐకి ఈ చుక్కల బాధ లేదు. ఇక్కడ ఏఐ అంటే ఇప్పటి చాట్‌బాట్లు కావు. కాపలావాడు ఎప్పుడు చూడాలి, ఎప్పుడు కాల్చాలి అని రాసిపెట్టిన నియమాలు. వాటికి కావలసినవి మధ్యలో అడ్డం ఉందా లేదా, దూరం ఎంత వంటివి. అవి లెక్కలో కచ్చితంగా దొరుకుతాయి. వసారాల గేమ్‌లో ఈ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే అక్కడ పది మీటర్లకే గోడ వస్తుంది. విమానాల ఇంజిన్ ఇచ్చిన దూరపు చూపు పల్లెటూరి పొలమంత మైదానాన్ని ఇచ్చింది, దాంతోపాటు దూరపు తూటాలనూ ఇచ్చింది.

దీనికి విరుగుడు గేమ్‌లోనే ఉంది. దూరం చూపించే బైనాక్యులర్స్, ఉపగ్రహం నుంచి చూస్తున్నట్టు స్థావరాన్ని పైనుంచి చూపించే మ్యాప్ కంప్యూటర్. మ్యాప్‌ను దగ్గరికి తెస్తే కాపలావాళ్ల కదలిక కూడా కనిపిస్తుంది. వాడినవాళ్లు తక్కువ. తుపాకీ చేతిలో ఉండగా మ్యాప్ తెరిచి కూర్చునే ఓపిక పదమూడేళ్లవాడికి ఎక్కడిది?

సైరన్ లెక్క

స్టెల్త్ అనే మాటకు గేముల్లో అర్థం శత్రువు కంటపడకుండా పని ముగించడం. ఐజీఐ చూడటానికి కాల్పుల గేమ్, లోపల మాత్రం స్టెల్త్ గేమ్. దీనికి సాక్ష్యం సైరన్. కెమెరా కంట్లో పడినా, కాపలావాళ్లు అప్రమత్తమైనా అలారం మోగుతుంది, బ్యారక్స్‌లోంచి కొత్త సైనికులు వస్తారు. మీరు ఖాళీ చేశాననుకున్న దారిలో, మీ వెనకనుంచి. అప్పట్లో సమీక్షకులు తప్పుపట్టిన విషయాల్లో శత్రువుల ఈ ప్రవర్తన కూడా ఒకటి.

మన లెక్కలోకి తెస్తే, ఒకసారి అలారం మోగితే గండాలు ఇరవై కాస్తా ముప్పై అవుతాయి. 90 శాతం నేర్పుతో 30 గండాలకు పట్టేది దాదాపు 226 నిమిషాలు. గండాలు సగమే పెరిగాయి, కాలం మూడు రెట్లు పెరిగింది. ఇక ఆరోగ్యం దానంతట అది తిరిగి రాదు, వైద్య సిరంజీ దొరికితేనే. కాబట్టి గండం దాటినా, తగిలిన తూటా తర్వాతి గండంలోకి కూడా వెంట వస్తుంది.

తిరగేసి చూద్దాం. భద్రతా కంప్యూటర్ దగ్గరికి ముందే వెళ్లి కెమెరాలు ఆపి, సైలెన్సర్ ఉన్న ఎంపీ5 తుపాకీ వాడి, ఎదురుపడనక్కరలేని వాళ్లను వదిలేస్తే గండాలు ఇరవై నుంచి ఎనిమిదికి దిగుతాయి అనుకుందాం. అదే 90 శాతం చేతికి ఇప్పుడు పట్టేది 13 నిమిషాలు. గురి ఏమీ మారలేదు. 72 నుంచి 13కి తెచ్చింది గండాలు తగ్గడమే. ఐజీఐ కష్టం గురిలో కన్నా లెక్కలో ఎక్కువ ఉంది. గూఢచారి పని అంటే గండాలు గెలవడం కాదు, తగ్గించుకోవడం. చిన్నప్పుడు చాలామంది దీన్ని సినిమా హీరోలా ముందు ద్వారంలోంచి ఆడారు, గేమ్ ఒప్పుకోలేదు.

నెట్ సెంటర్ కలిపిన కష్టం

కొంత కష్టం గేమ్‌ది కానే కాదు. తెలుగు ఊళ్లలో చాలామందికి ఐజీఐ పరిచయమైంది సొంత కంప్యూటర్లో కాదు, గంటకింత అని డబ్బు కట్టే నెట్ సెంటర్లో. 72 నిమిషాలు పట్టే పనికి 60 నిమిషాల డబ్బే ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మరుసటి వారం వచ్చేసరికి అదే కుర్చీ దొరకాలి, ముగించిన మిషన్ల గుర్తు ఆ కంప్యూటర్లో చెరిగిపోకుండా ఉండాలి. లేకపోతే మళ్లీ మొదటి మిషనే.

కథ అర్థం కాకపోవడానికీ కారణాలున్నాయి. లక్ష్యాలన్నీ ఇంగ్లీషు వాక్యాల్లో, ఆన్యా మాటలు హెడ్‌ఫోన్స్ లేని చోట ఫ్యాన్ హోరులో. పైగా చేతులు మారిన సీడీల్లో చాలావాటిని అప్పట్లో ‘రిప్’ అనేవారు. సైజు తగ్గించడానికి వీడియోలు పీకేసిన ప్రతులు అవి. ఏ తలుపు తెరవాలో, ఏ కంప్యూటర్ హ్యాక్ చేయాలో తెలియక స్థావరమంతా తిరిగినవాడికి గండాలు తనంతట తనే పెంచుకున్నట్టు. ఇప్పుడు ఆడేవాళ్లకు లక్ష్యం చదవడం పెద్ద పని కాదు. తేలికైందనిపించడంలో ఈ వాటా చిన్నదేం కాదు.

సేవ్ ఇవ్వకపోవడం తప్పా, ఉద్దేశమా?

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది.

ఒక వాదన: పోయేది ఏమీ లేకపోతే భయం ఉండదు. ప్రతి తలుపు ముందూ సేవ్ చేసుకునేవాడు మ్యాప్ చూడడు, తలుపు తీసి చచ్చి నేర్చుకుంటాడు. గండాలు తగ్గించుకోవాలన్న బుద్ధి పుట్టేది గండానికి ఖరీదు ఉన్నప్పుడే. పై లెక్క దీన్ని బలపరుస్తుంది: ప్రతి గండానికీ సేవ్ ఉంటే 20 గండాలకు 22 నిమిషాలు, 8 గండాలకు 9 నిమిషాలు. దొంగచాటుగా వెళ్లి మిగిల్చుకునేది 13 నిమిషాలే, దానికోసం ఎవరూ పాకరు.

రెండో వాదన: శిక్ష తప్పుకు తగ్గట్టు ఉండాలి. వెనకనుంచి కొత్తగా పుట్టుకొచ్చిన సైనికుడి చేతిలో చస్తే అది ఆటగాడి తప్పు కాదు, గేమ్ నియమం లోపం. ఆ లోపానికి ముప్పావుగంట పని తుడిచెయ్యడం ఉత్కంఠ అనిపించుకోదు. ఆనాటి సమీక్షల్లో సేవ్ లేదన్న ఫిర్యాదు బలంగానే వినిపించింది.

ఆ కాలపు అలవాటు కూడా చూడాలి. 1997 నాటి ‘గోల్డెన్ఐ 007’లో మిషన్ మధ్య సేవ్ లేదు, కానీ మిషన్లు చిన్నవి. 1998 నాటి ‘రెయిన్‌బో సిక్స్’లోనూ లేదు. ఐజీఐ కన్నా కొద్ది వారాల ముందు ఇదే ఐడోస్ విడుదల చేసిన, డెన్మార్క్ స్టూడియో చేసిన ‘హిట్‌మ్యాన్: కోడ్‌నేమ్ 47’లోనూ మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. అదే ఏడాది వచ్చిన ‘డ్యూస్ ఎక్స్’ మాత్రం ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ ఇచ్చింది. అంటే సాధ్యం కాక కాదు, ఏకాభిప్రాయం కుదరని విషయం.

మధ్యేమార్గం మరుసటి ఏడే వచ్చింది. 2001 నాటి ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’ మిషన్‌కు ఒకే ఒక్క సేవ్ ఇచ్చింది. ఒక్కటేనా అనిపిస్తుంది గానీ లెక్క చూడండి. 20 గండాల మధ్యలో, పదో దాని తర్వాత ఒక్క సేవ్ వాడితే 90 శాతం ఆటగాడికి 72 నిమిషాలు 37 అవుతాయి. 80 శాతం పిల్లవాడికి 429 నిమిషాలు 83 అవుతాయి. బలహీనుడికి ఎక్కువ మేలు, బలవంతుడికి తక్కువ, భయం ఇద్దరికీ మిగులుతుంది. కోడ్‌మాస్టర్స్ విడుదల చేసిన 2003 నాటి ‘ఐజీఐ 2: కోవర్ట్ స్ట్రైక్’లో ఇన్నర్‌లూప్ కూడా మిషన్‌కు ఇన్నే సేవ్‌లు అని పరిమితి పెట్టి ఇచ్చింది. ఈ వాదనలో నెగ్గాల్సింది ఈ పద్ధతే అనిపిస్తుంది, కనీసం లెక్క ప్రకారం.

వయసు చేసే మేలు, కీడు

పెద్దయ్యాక చేతి వేగం తగ్గుతుందన్నది నిజమే. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘స్టార్‌క్రాఫ్ట్ 2’ అనే యుద్ధవ్యూహాల గేమ్ ఆడే 3,305 మంది ఆటలను పరిశీలించి 2014లో ప్రచురించారు. చూసింది గ్రహించి స్పందించే వేగం 24 ఏళ్ల వయసు నుంచే తగ్గడం మొదలవుతుందని తేలింది. అదే అధ్యయనంలో ఇంకో సంగతీ ఉంది: వయసు పెరిగిన ఆటగాళ్లు ఆ లోటును తేలికైన ఎత్తుగడలతో కొంత పూడ్చుకుంటున్నారు.

ఐజీఐకి ఇది అతికినట్టు సరిపోతుంది. వేగం తగ్గి ఒక్కో గండానికి 90 కాస్తా 85 శాతం అయిందనుకుందాం. కానీ ఓపికతో గండాలు 20 నుంచి 8కి తెచ్చుకుంటే పట్టేది 18 నిమిషాలు. కుర్రవాడి 72లో నాలుగోవంతు. అదే పెద్దాయన చిన్నప్పటిలాగే ముందు ద్వారంలోంచి దూకితే, 85 శాతంతో 20 గండాలకు 165 నిమిషాలు. ‘అన్యాయం’ అంటున్నది బహుశా ఈయనే.

ఈనాటి కంప్యూటర్లో ఎక్కడ బెడిసికొడుతుంది

పాత సీడీ దొరికినా గేమ్ తెరుచుకోకపోవచ్చు. ఆనాటి డిస్కుల్లో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే నకలు నిరోధక తాళం ఉండేది. దానికి కావలసిన డ్రైవర్ అనే సహాయక సాఫ్ట్‌వేర్‌కు భద్రతా కారణాలతో విండోస్ 10లో చోటు లేదు. డిస్కు అసలుదే అయినా తాళం తెరిచేవాడు లేడన్నమాట.

తెరుచుకున్నాక వచ్చేది గ్రాఫిక్స్ తంటా. డైరెక్ట్‌ఎక్స్ అంటే విండోస్‌లో గేమ్ గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే భాష. డైరెక్ట్‌ఎక్స్ 7 కాలం గేమ్ అడిగే భాష ఈనాటి గ్రాఫిక్స్ కార్డులకు సరిగా అర్థం కాదు. రంగులు తప్పడం, మెనూ మిణుకుమిణుకుమనడం, అంత బలమైన కార్డు మీద కూడా ఆట నత్తనడక నడవడం జరుగుతాయి. డీజీవూడూ 2 లాంటి దుబాసీ సాఫ్ట్‌వేర్ చేసేది పాత ఆజ్ఞలను డైరెక్ట్‌ఎక్స్ 11 లేదా 12లోకి మార్చి అందించడం. గేమ్ ఫోల్డర్లో దాని డీఎల్ఎల్ ఫైళ్లు (ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్ ఫైళ్లు) ఉంటే విండోస్ సొంత ఫైళ్లకు బదులు గేమ్ వాటినే పిలుస్తుంది.

మూడోది పైకి కనిపించదు. పాత మానిటర్ల 4:3 (వెడల్పు, ఎత్తుల) నిష్పత్తికి గీసిన బొమ్మను ఈనాటి 16:9 తెరకు సాగదీస్తే అడ్డంగా 33 శాతం లావెక్కుతుంది. మౌస్ అంతే కదిలినా తెరమీద అడ్డానికీ నిలువుకీ జరిగే దూరం వేరువేరు, అందుకే గురి తప్పుతున్నట్టు ఉంటుంది. పక్కల నల్లపట్టీలు వదిలి 4:3లోనే ఉంచితే చేతికి పాత లెక్క దొరుకుతుంది.

కొత్త ఐజీఐ కోసం ఎదురుచూసినవాళ్లకు మిగిలింది ఇదే పాతది. ‘ఐజీఐ 2’ వచ్చిన 2003లోనే ఇన్నర్‌లూప్ మూతపడింది. 2019లో ‘ఐజీఐ ఆరిజిన్స్’ పేరుతో, డేవిడ్ జోన్స్ కాలానికి ముందు కథ అని ప్రకటించారు. దాన్ని తయారుచేస్తున్న యాంటీమ్యాటర్ గేమ్స్‌ను దాని యాజమాన్య సంస్థ 2023లో మూసేయడంతో అది కూడా ఆగిపోయింది.